పిడకల గూట్లో ఇనుపకాలు

ఫిబ్రవరి 6, 1949, ఆదివారం. సూర్యాపేట

చర్చి నుంచి వచ్చి పొయ్యి వెలిగిద్దామని పెరట్లో పిడకల గూట్లో చెయ్యి పెడితే ఇనుము తగిలింది. బయటికి లాగాను. ఇలాంటి వస్తువు నా జన్మలో చూడలేదు. మూరెడు ఇనుప పట్టీ. కింద పాదం ఆనించడానికన్నట్టు అడ్డంగా వంచారు. ఆ వంపు దగ్గర లోపలివైపు, కోడిపుంజు కాలి ముల్లులా ఒక మేకు కిందికి పొడుచుకొచ్చి ఉంది. గుండ్రటి మేకు కాదు, నాలుగు పలకలది. పైన ఒక తోలు పట్టా, కింద ఒక తోలు పట్టా, రెండింటికీ బకిల్సులు. పై పట్టాకు ఉన్న చిల్లులు చాలక ఎవరో ఇంకోటి వంకరగా పొడిచారు.

మా ఆయన మిలిటరీ క్యాంపు వాళ్ల జీపులో కోదాడ వెళ్లారు. ఉంటే ఆయన్నే అడిగేదాన్ని. లేరు కాబట్టి వాడకట్టంతా అడిగాను. నా బుద్ధితక్కువ.

ముందు ఇంటి ఓనరు పిచ్చమ్మ వచ్చింది. చూసీ చూడగానే కళ్లొత్తుకుంది. "గిది రజాకార్లది బిడ్డా. మనుషుల కాళ్లకేసి బిగించేది. మా తమ్మునికి గిదే ఏసిండ్రు" అంది. ఆవిడ తమ్ముడు చిన్నప్పుడే కలరాతో పోయాడని ఆవిడే నాకు లెక్కలేనన్ని సార్లు చెప్పింది. రజాకార్లు అప్పటికి పుట్టనే లేదు. ఆ మాట అంటే కిరాయి పెంచుతుందని ఊరుకున్నాను.

గోడ అవతల మైసయ్య కల్లు దించి అప్పుడే వచ్చాడు. మోకు భుజం మీదే ఉంది. చెట్టుకూ నడుముకూ కలిపి కట్టుకునే ఆ తాటినార పగ్గం లేకుండా అతన్ని నేను చూడలేదు, నిద్రలో తీస్తాడో లేదో. ఇనుమును అటూ ఇటూ తిప్పి, ముల్లు మీద బొటనవేలు పెట్టి చూసి, కుమ్మే దున్నపోతు కాలికి కట్టేదని తేల్చాడు. వాళ్లావిడ బక్కమ్మ కాదంది, కొబ్బరికాయ పీచు ఒలిచేదట. ఈ ఊళ్లో కొబ్బరికాయ పండక్కి తప్ప కంటికి కనపడదు, దాని ఒంటి మీద పీచు తీయడానికి ఇంత ఆయుధం కావాలా?

తెలియదు అనే మాట ఈ ఊళ్లో ఒక్కరి నోటా రాదు. అంటే పరువు పోతుందేమో.

ఫిబ్రవరి 7

నేను పాఠాలు చెప్పే బడికి పట్టుకెళ్లి హెడ్మాస్టరు ఉప్పలయ్య గారికి చూపించాను. చదువుకున్నవాడు కదా, ఉర్దూ ఫార్సీ వచ్చినవాడు కదా అనుకున్నాను. ఆయన జేబురుమాలు చేతికి చుట్టుకుని మరీ పట్టుకున్నారు. నవాబుల అశ్వదళంలో గుర్రమెక్కడానికి కాలు పెట్టే రికాబట. మరి ముల్లెందుకు సార్ అంటే, గుర్రాన్ని పొడవడానికి అన్నారు. పొడిస్తే గుర్రం మనిషిని కింద పడేయదా అన్నాను. "నవాబుల గుర్రాలు పడేసేవి కావమ్మా" అన్నారు.

అంతటితో పోనిచ్చారా. నల్లబోర్డు మీద గుర్రం బొమ్మ గీసి నాలుగో తరగతికి పాఠం చెప్పేశారు. గుర్రానికి ఐదు కాళ్లొచ్చాయి. ఒకటి తోకట.

ఫిబ్రవరి 9

ఆయన వచ్చారు. కిటికీలో ఉన్న ఇనుమును చూసి ముఖం ఎలా పెట్టారో రాయను. ఎండన పడి వచ్చారు, అంతే.

తర్వాత పెద్దగా నవ్వారు. అది బర్మా యుద్ధంలో తాను పేల్చిన మరతుపాకీ కింద పెట్టే కాలట. గుర్తుగా దాచుకున్నారట. ఇక మొదలైంది యుద్ధం. ఆయన చెప్పే యుద్ధంలో జపాను వాళ్లు ఎప్పుడూ ఆయన వైపే పరిగెత్తుకొస్తారు, ఒక్కడూ పక్కకు పోడు. పెళ్లయినప్పటి నుంచి వింటున్నాను. చచ్చినవాళ్లందరినీ కలిపితే జపానులో ఇక మగవాళ్లు మిగలకూడదు.

పిడకల్లో ఎందుకు పెట్టారంటే, తుప్పు పట్టకుండా అన్నారు. పిడకల్లో ఇనుము తుప్పు పట్టదని నాకిన్నాళ్లూ తెలియదు. మిలిటరీ వాళ్లకు తెలిసినవి మనకేం తెలుస్తాయి. క్యాంపులో తెలిస్తే సర్కారు సామాను ఎక్కడిదని అడుగుతారట, ఎవరికీ చూపించొద్దన్నారు. వాడంతా చూశాక చెబుతున్నారు ఆ మాట. తీసుకెళ్లి ఎక్కడో పెట్టేశారు.

నేనే గోడ దగ్గరికి వెళ్లి బక్కమ్మతో అన్నాను, కొబ్బరికాయలదీ కాదు, దున్నపోతుదీ కాదు, తుపాకీది అని. మైసయ్య చెయ్యి దులుపుకున్నాడు, ఇంకా అంటుకుని ఉన్నట్టు.

ఫిబ్రవరి 10

తుపాకీకి ఒక కాలేనా? మేజాకు నాలుగుంటాయి. పోనీ.

ఫిబ్రవరి 16

ఆయన మిర్యాలగూడ నుంచి రాగి బిందె తెచ్చారు. నా కాపురంలో మొదటి రాగి బిందె! క్యాంపు దొరలు ఆయన పనికి మెచ్చి ఏదో ఇచ్చారట. హిందుస్తానీ వచ్చి క్యాంపులో పనికి కుదిరినవాడు ఆయన ఒక్కరే మరి. కెప్టెను చెప్పింది జనానికీ, జనం చెప్పింది కెప్టెనుకూ చేరాలంటే ఈయన నాలుక కదలాలి.

చింతపండుతో తోమితే అద్దంలా ఉంది. పిచ్చమ్మ వేలితో కొట్టి చప్పుడు విని, రాగే అని ఒప్పుకుంది. ఆవిడ ముఖం చూడాలి ఆ సమయంలో. నీళ్లకు అవసరం లేకపోయినా బావికి రెండుసార్లు వెళ్లొచ్చాను.

తనకు కొత్త బెల్టు కూడా కొనుక్కున్నారు. యుద్ధం చేసిన మనిషికి అంత సన్నని నడుమూ, కొంగ కాళ్లూ ఏమిటో, ఏ బెల్టుకూ చిల్లులు సరిపోవు. అరుగు మీద కూర్చుని మేకు పెట్టి ఇంకోటి పొడుచుకున్నారు. చెయ్యి తిన్నగా ఉండదు. వంకర.

ఫిబ్రవరి 20

కోదాడ రోడ్డు మీద మళ్లీ ఫోను తీగలు కోశారు. పోలీసు యాక్షన్ అయ్యాక మిలిటరీ వాళ్లు హడావిడిగా వేసిన లైను అది, స్తంభం దొరికినచోట స్తంభానికి, దొరకనిచోట తాటిచెట్టుకు కట్టుకుంటూ పోయారు. తాటిచెట్టు మీదే కోశారు ఈసారి, చాలా దూరం తీగే లేదట. సంఘం వాళ్ల, అంటే కమ్యూనిస్టుల పనే అంటున్నారు అందరూ. సంఘం వాళ్లు దొరికితే లారీలో తీసుకుపోతున్నారు. హుజూర్‌నగర్ వైపు నుంచి పట్టుకెళ్లిన వాళ్లు ఏమయ్యారో ఇంతవరకు ఎవరికీ తెలియదు.

ఆయన్ని భోజనం మధ్యలో పిలిచారు. చెయ్యి కడుక్కునే తీరిక కూడా లేదు. ఆయన లేకపోతే క్యాంపు నడవదు.

ఫిబ్రవరి 21

మైసయ్యను పట్టుకెళ్లారు. చెట్టు దిగుతుండగానే కింద నిలబడి పట్టుకున్నారట.

అన్నం తింటూ ఆయనే చెప్పారు. "నేనే అడిగిన. నేనే కోసిన అని ఒప్పుకుండు. మా అయ్య గూడ గిదే పని అన్నడు." చూడండి ఎంత ధైర్యమో. గోడ పక్కన ఉండి, నా చేతి మజ్జిగ తాగి, దున్నపోతు కథలు చెప్పి, లోపల చేసేవి ఈ పనులు. మోకు భుజం మీదుంటే ఎవడికి అనుమానం వస్తుంది. నాకు మొదటి నుంచీ ఆ మనిషి చూపు నచ్చదు.

వాళ్ల అయ్య బతికుండగా సూర్యాపేటలో ఫోను తీగ ఎక్కడిదో మరి. తాగి వాగి ఉంటాడు.

ఫిబ్రవరి 22

బక్కమ్మ ఇంట్లో పొయ్యి వెలగలేదు. నాకేం?

ఫిబ్రవరి 24

బక్కమ్మ వచ్చింది. ఏడుస్తుందనుకుని చీదరించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఏడవలేదు. గడప అవతల కూర్చుని చెప్పింది.

"గాడనే ఉన్న పంతులమ్మా. కల్లు కుండ నా నెత్తి మీదనే ఉన్నది. మీ సారు అడిగిండు, తాళ్లు కోసింది నువ్వేనా అని. నేనే సారూ, నేనే కోస్త, నేనే గీస్త, మా అయ్య గూడ గిదే పని అన్నడు మావోడు. నవ్వుకుంటనే అన్నడు. ఇగ చేతులు కట్టిండ్రు."

నాకు ముందు అర్థం కాలేదు. మా కోదాడలో తాటిచెట్లు అంటాం. తాళ్లంటే నాకు పగ్గాలే. ఇక్కడ వీళ్లకు తాడంటే తాటిచెట్టు, తాళ్లంటే తాటిచెట్లు. కల్లు గీసేవాణ్ని తాళ్లు కోశావా అని అడిగితే కోశానంటాడు, అనకపోతే వాడు గీతవాడే కాడు. కెప్టెను అడిగింది తీగల గురించి. ఆయన ఆ మాటను తాళ్లు చేశారు. మైసయ్య చెట్ల గురించి జవాబు చెప్పాడు. అది తిరిగి కెప్టెను చెవిలోకి తీగలై వెళ్లింది.

మా ఆయన చాలా ఏళ్లు బర్మాలో ఉన్నాడు, ఇక్కడి మాటలు మరిచిపోయి ఉంటాడు, పొరపాటు పడ్డాడు అని చెప్పాను.

బక్కమ్మ నా వైపు చూసింది. "సారుది వేములపల్లి గాదా? గాడ తాళ్లు లెవ్వా?"

ఫిబ్రవరి 25

అన్నేళ్లు బర్మాలో ఉంటే భాష మరిచిపోవడం సహజం.

ఫిబ్రవరి 26

సహజమే.

ఫిబ్రవరి 27, ఆదివారం

చర్చి అయ్యాక బక్కమ్మ నన్ను కోదాడ రోడ్డుకు తీసుకెళ్లింది. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. పాస్టరు గారు ప్రసంగంలో పొరుగువాడి గురించి చెప్పారు, దాని ప్రభావమేం కాదు, ఆయన ప్రసంగం ఎవరి మీదా ఇంతవరకు పనిచేయలేదు.

చెట్టు చూపించింది. మైసయ్య ఎక్కే చెట్టే. మొదలు నుంచి పైదాకా కుడివైపొకటి ఎడమవైపొకటి మెట్లలాగా గాట్లు పడి ఉన్నాయి, తీగ కట్టిన చోటు వరకు, ఆపైన లేవు. సిపాయిలు కోపంలో బాయినెట్లతో పొడిచారని బక్కమ్మ అనుకుంటోంది. "చెట్టేం జేసింది, దీన్నెందుకు పొడుసుడు" అని గాట్లకు మట్టి అద్దుతోంది. మొగుడు క్యాంపులో కట్టేసి ఉంటే చెట్టుకు మందు రాస్తోంది, ఈ మనుషులు నాకెప్పటికీ అర్థం కారు.

ఒక గాటులో చిటికెన వేలు పెట్టి చూశాను. నాలుగు పలకలు.

ఇంటికొచ్చి వంకాయ కూర చేశాను. ఆయనకు ఇష్టం.

మార్చి 1

నేనేం వెతకలేదు. పిడకల గూడు ఒరిగిపోయేలా ఉంటే మొత్తం తీసి మళ్లీ పేర్చాను. అందులో ఏమీ లేదు. పిచ్చమ్మ వచ్చి, మంచిగున్న గూడెందుకు కూలగొడుతున్నవ్ అని అడిగింది. ఆవిడకు అన్నీ కావాలి.

మార్చి 2

ఊక బుట్టకు పురుగు పట్టింది. ఖాళీ చేశాను.

రెండు ఉన్నాయి. కాళ్లు రెండు కదా, నాకు మొదటి రోజే తట్టాల్సింది.

మార్చి 3

నిన్న రాయలేకపోయాను. ఊక కింద గోనెపట్టాలో రెండు ఇనుపకాళ్లు, వాటి కింద తీగ చుట్టలు. కొక్కేనికి ఉన్న బెల్టు తెచ్చి తోలుపట్టా పక్కన పెట్టాను. రెండు చిల్లులూ ఒకే వంకర.

ఊరంతా ఎన్ని చెప్పింది! బేడీ, రికాబు, దున్నపోతు, కొబ్బరికాయ. నేను చెప్పిన తుపాకీ మాటో? నేనే అందరికంటే పెద్ద తెలివైనదాన్ని. పాదం ఆ వంపు మీద పెట్టి, పట్టాలు పిక్కకు బిగించి, ముల్లు చెట్టులో దింపుకుంటూ ఎక్కడం. ఇంత చిన్న సంగతి. చెట్టెక్కి బతికే మైసయ్య చేతిలో పెడితే అతనికే తెలియలేదు.

ఒకటి రాసుకుంటాను, ఎవరూ చదవరు కాబట్టి. ఆ ఇనుము చూసినప్పుడు మొదట గర్వపడ్డాను. మా ఆయన సంఘంలో ఉన్నాడనుకున్నాను. క్యాంపులో దుబాసీగా ఉంటూ, చీకటి పడ్డాక వాళ్ల తీగలే కోస్తున్నాడు, ఎంత గుండె అనుకున్నాను. తర్వాత ఆ చుట్టల వైపు చూశాను. సంఘం వాళ్లు తీగ కోసి చేలో పారేస్తారు. ఇది శుభ్రంగా, వరుసగా, పసిపిల్లకు చుట్టినట్టు గుడ్డలు చుట్టి ఉంది. రాగి తీగ.

పొయ్యి పక్కన బిందె మెరుస్తోంది.

ఆయన వచ్చాక అన్నీ ముందు పెట్టాను. ఆయన అని రాస్తున్నాను కానీ ఇకపై "రు" చేర్చి రాయడం నా వల్ల కాదు. ముందు సంఘం పేరే చెప్పాడు. గొంతు తగ్గించి, ఛాతీ పెంచి, ప్రజల కోసం అన్నాడు. నేను లేచి బిందె తెచ్చి మధ్యలో పెట్టాను. నీళ్లు ఒలికాయి. అప్పుడు అసలు మాట బయటపడింది. మిర్యాలగూడలో కంచరివాడికి అమ్ముతున్నాడట. బర్మాలో తుపాకీ ముట్టుకోలేదట. అన్నేళ్లూ మిలిటరీ వాళ్ల ఫోను లైనులో స్తంభాలెక్కి తీగలు కట్టాడట. జపాను వాళ్లను దూరం నుంచి కూడా చూడలేదట. చూస్తే బాగుండేది.

మైసయ్యను ఎందుకు ఇరికించావంటే, కెప్టెను ఎవణ్నో ఒకణ్ని తెమ్మన్నాడు, చెట్టు మీద వాడే కనపడ్డాడు అన్నాడు. తాళ్లు అనే మాట కావాలనే వాడావా అంటే నేల చూశాడు.

నేను ఒక్కటే అడిగాను. నీ పేరు బయటికి రానక్కర్లేదు. కెప్టెను దగ్గరికి పో, నేను తప్పు మాట వాడాను, తీగ అని మళ్లీ అడుగుతాను అని చెప్పు, మైసయ్యను మళ్లీ అడుగు. అంతే. మనిషి బతుకుతాడు.

"రేపే చెప్త సారమ్మా. బైబిలు మీద ఒట్టు" అన్నాడు. బైబిలు మీద చెయ్యి కూడా పెట్టాడు. తడి చెయ్యి. అట్ట మీద మరక పడింది.

మార్చి 5

చెప్పారట. కెప్టెను విన్నాడట. రెండు మూడు రోజుల్లో వదిలేస్తారట. భయపడ్డవాడు మారడా ఏమిటి, మనిషన్నాక. గోడ దగ్గరికి వెళ్లి బక్కమ్మకు బెల్లం ముక్క ఇచ్చాను, మీ ఆయన వచ్చేస్తాడు తిను అన్నాను. కొంగున కట్టుకుంది. ఆయనొచ్చాక తింటుందట.

మళ్లీ "రు" పెట్టి రాశాను, ఇప్పుడే చూసుకున్నాను. కొట్టేయను.

మార్చి 7

క్యాంపు ఊడ్చే మనిషి బక్కమ్మతో చెప్పిందట, రేపు మైసయ్యను లారీ ఎక్కిస్తారు అని. గోడ మీద చెయ్యి పెట్టి నిలబడింది బక్కమ్మ. "లారీలో పోయినోళ్ల బట్టలు గూడ ఇంటికి రాలె పంతులమ్మా" అంది. బెల్లం ముక్క ఇంకా కొంగులోనే ఉంది.

ఆయన తలకు నూనె రాసుకుంటున్నాడు. చెప్పావా లేదా అన్నాను. చెప్పలేదు. మొన్న చెప్పిందంతా అబద్ధం. ఇప్పుడు నోరు విప్పితే తీగ సంగతి మొత్తం తవ్వుతారు, తనే దొరుకుతాడు అన్నాడు.

"వాడు తాళ్లోడు. పిల్లలు లేరు జెల్లలు లేరు. వాడు పోతే ఎవలు ఏడుస్తరే?"

గోడ అవతల బక్కమ్మ గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగింది. విన్నది. ఈయన దువ్వెన తీసి పాపిడి తీసుకున్నాడు.

పొద్దున్నే నేనే వెళ్తాను. ఇనుపకాళ్లు మాత్రమే పట్టుకెళ్తే ఈయన్ని సంఘం మనిషంటారు, మైసయ్య ఎక్కాల్సిన లారీ ఈయన ఎక్కుతాడు. తీగ దొంగతనానికైతే కోర్టు, జైలు. సంఘానికైతే ఆ లారీ. కనుక నా మొగుడు దొంగ అని నేను నిరూపించాలి. ఉత్త దొంగ, అంతకంటే ఏమీ కాదు అని. ఆ బిందె కూడా పట్టుకెళ్లాలి.

మార్చి 8

జరిగినదంతా రాస్తాను.

ఇనుపకాళ్లూ తీగ చుట్టలూ బిందెలో పెట్టి, పైన గుడ్డ కప్పి, నడుం మీద పెట్టుకుని నీళ్లకు వెళ్తున్నట్టే వెళ్లాను. కాపలా సిపాయి చూసి వదిలేశాడు. బిందె పట్టుకున్న ఆడదాన్ని ఈ దేశంలో ఎవరూ ఆపరు. బక్కమ్మ నా వెనకే వచ్చింది. లారీ ఇంజను అప్పటికే మోగుతోంది. మైసయ్య దాని పక్కన చేతులు కట్టేసి కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, మోకు లేక భుజం ఖాళీగా ఉంది.

గుడారం కింద కెప్టెను, పక్కన మా ఆయన. కొత్త బెల్టు, పాపిడి. బిందె చూడగానే ఆయన ముఖంలో రంగు పోయింది. కెప్టెను ఏదో అడిగాడు. మా ఆయన నా వైపు తిరిగి, "ఇంటికి పో సారమ్మా, దండం పెడత" అన్నాడు. కెప్టెను నన్ను ఇంటికి పొమ్మని అడిగాడా, దండం పెడతానని కూడా ఆయనే అన్నాడా అన్నాను.

బిందె దించి, ఒక ఇనుపకాలు తీసి, ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. భార్య కాళ్ల మీద పడుతోందనుకున్నారు అందరూ. సిపాయిలు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. ఆయన కూడా అదే అనుకున్నాడు, లేవదీయడానికి చెయ్యి చాచాడు. పాదం పట్టుకుని ఇనుము వంపు మీద పెట్టాను. పట్టా పిక్క చుట్టూ తిప్పి లాగాను. బకిల్సు ముల్లు ఆ వంకర చిల్లులో పడింది, ఇటు వెంట్రుకవాసి లేదు అటు వెంట్రుకవాసి లేదు.

ఇదేమిటి అని కెప్టెను అడగలేదు. ఊరు ఊరంతా నెత్తి గోక్కున్న వస్తువు ఆయనకు చూడగానే తెలిసింది. లేచి నిలబడ్డాడు. మా ఆయన బెల్టు వైపు చూశాడు, అక్కడున్న వంకర చిల్లు వైపు.

నేను బిందె బోర్లించాను. చుట్టలు దొర్లాయి. తీగను గోటితో గీకి బిందె పక్కన పెట్టాను. ఒకటే రంగు. ట్రైనింగు స్కూల్లో నేర్చిన ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా జ్ఞాపకం లేదనుకున్నాను ఇన్నాళ్లూ, రెండు ముక్కలున్నాయి. "తీఫ్ సర్. ఓన్లీ తీఫ్" అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

తర్వాత చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. చేతిలో తీగ పట్టుకుని "తీగ" అన్నాను. గుడారం బయట కనపడే తాటిచెట్ల వైపు చెయ్యి చాపి "తాళ్లు" అన్నాను. మైసయ్యను చూపించి, గీతకత్తి పట్టుకున్నట్టు చెయ్యి ఆడించి, మళ్లీ "తాళ్లు" అన్నాను. కెప్టెను చెట్ల వైపు చూశాడు. తీగ వైపు చూశాడు. "తాళ్లు" అని తనూ పలికాడు, ళ రాలేదు. మా ఆయన్ని ఏదో అడిగాడు. గట్టిగా రెండోసారి అడిగాడు. అన్ని భాషలూ వచ్చిన ఆ మనిషి ఔనని తలకాయ మాత్రం ఊపాడు.

తీసుకుపోతుంటే ఒక కాలికి ఇనుము అలాగే ఉంది. కుంటుకుంటూ నడిచాడు. వెనక్కి తిరిగి చూసి, "సారమ్మా, గిట్ల జేస్తవా" అన్నాడు. నల్లగొండ కోర్టుకట. జీపులో. లారీలో కాదు, నేను నిలబడి చూశాను. మైసయ్య కట్లు విప్పి వదిలేశారు.

ఏడుపు వస్తుందనుకున్నాను. ఇంటికొచ్చాక వచ్చింది. అది ఆయన కోసమో, నా కోసమో, అలాంటివాడికి వంకాయ కూర వండినందుకో.

మార్చి 9

బిందె సాక్ష్యం కింద వాళ్లే పెట్టుకున్నారు. కుమ్మరి దగ్గర కుండ తెచ్చుకున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి.

మార్చి 13, ఆదివారం

మా అమ్మ కోదాడ నుంచి వచ్చి వెళ్లింది. "ఎంత పని చేశావే సారా, మొగుణ్ని పట్టిచ్చిన ఆడదానివని అక్కడ అందరూ అంటన్నారే" అని ఏడ్చింది. ఇక్కడా అదే అంటున్నారు, కొత్తేం కాదు. అమ్మ బస్సెక్కేటప్పుడు మాత్రం నా చెయ్యి వదల్లేదు.

ఉప్పలయ్య గారు బళ్లో అందరి ముందూ, అది ఎక్కే సాధనమని తాను మొదటి రోజే గ్రహించానని చెప్పారు. నల్లబోర్డు మీద గుర్రం చెరిగిపోయింది కానీ ఐదో కాలు గీత కొంచెం కనపడుతూనే ఉంది. పిచ్చమ్మ కిరాయి పెంచింది. మొగుడు లేని ఇల్లు కాపలా కాయడం కష్టమట.

మైసయ్య నాలుగు రోజులు పడుకుని ఈరోజే మళ్లీ చెట్టెక్కాడు. అతని చూపు నచ్చదని ఈ పుస్తకంలోనే రాశాను కదా, ఏ ముఖంతో పలకరిస్తాను.

సాయంత్రం బక్కమ్మ గోడ మీదికి వంగి బెల్లం ముక్క సగం విరిచి నాకిచ్చింది. మిగతా సగం మైసయ్య తిన్నాడట. ఇంతకూ ఆ ఇనుము ఏంటిది పంతులమ్మా, క్యాంపులో నువ్వు సారు కాలికి కడితే చూసిన గానీ సమజ్ కాలె అంది.

చెట్టెక్కేది అన్నాను. పాదం ఇలా పెట్టి, ముల్లు చెట్టులో దింపి, మళ్లీ తీసి ఇంకొంచెం పైన దింపి, అలా ఎక్కుతారు అని చేత్తో చూపించాను.

బక్కమ్మ నమ్మలేదు. నేను మళ్లీ ఊరందరిలాగే ఏదో చెబుతున్నాననుకుంది.

"పొడుసుకుంట ఎక్కుతరా? ఎక్కిచ్చుకునేదాన్నే పొడుస్తరా ఎవలన్న?"